మూడు నిమిషాలకు కుదించిన మా పిన్నిగారు

పిన్నిగారు పోయారని వాళ్ళమ్మాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేసరికి నేను కీటాలో ఉన్నాను. కీటా అంటే ఇక్కడ జర్మనీలో చిన్నపిల్లల బడి. అక్కడి వంటగదిలో పనిచేస్తాను. పిల్లల భోజనానికి క్యారెట్లు తరుగుతున్నాను. "అక్కా, అమ్మ పోయింది. పొద్దున. నిద్రలో," అంది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగులో పెద్ద వాక్యాలు రావు. నేను కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, గోడవైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. బాధపడకుండా వెళ్ళిపోయారు. అంతవరకు దేవుడి దయ.

ఆ రోజు నాకు దుఃఖమే తప్ప కోపం లేదు. కోపం సంతాపసభలో వచ్చింది. ఇంకా పోలేదు. పొద్దున దీపం పెట్టుకుని స్తోత్రం చదువుకుంటుంటే ఆ సభ గుర్తొచ్చి, చదివిన చోటే మళ్ళీ చదువుతున్నాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషినని నాకు పేరు. ఇప్పుడూ పెంచను. కానీ ఇది చెప్పకుండా ఊరుకోను. మా తెలుగు సంఘం వాళ్ళు కూడా ఈ పత్రిక చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. కార్ల్స్‌రూహెలో మేముండే బిల్డింగులో కింది అంతస్తు ఆవిడది. రాజమండ్రి మనిషి. డాక్టరైన భర్తతో ఈ దేశానికి వచ్చిన తొలి తరంలో ఒకరు. మేం సామానుతో దిగిన రోజున మెట్ల మీద ఎదురుపడి, "తెలుగువాళ్ళేనా అమ్మా? గుమ్మం బయటే చెప్పులు విప్పారు, అందుకని అడుగుతున్నాను," అన్నారు. నేను వద్దనేలోపే పాలు, పెరుగు, ఉప్పు తెచ్చి గట్టు మీద పెట్టారు. ఆ పూట నుంచి నాకు పిన్నిగారే.

ఆవిడ ఏం పని చేసేవారో ఇక్కడి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. డాక్టరుగారి భార్య అంటారు. అంతకుమించి అడిగితే ఆవిడ చేతి పులిహోర గురించి చెబుతారు. ఆవిడ టీవీలో ఫిల్ము ఎడిటరు. పక్క ఊళ్ళో ఉన్న ఒక టీవీ సంస్థకి రోజూ రైల్లో వెళ్ళొచ్చేవారు. రిటైరయ్యేదాకా అదే పని. ఆ సంస్థ అమెరికా నుంచి డాక్యుమెంటరీలు కొనేది. ఎక్కువగా అక్కడి కళాకారుల జీవిత చరిత్రలు. పాటగాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు, చిత్రకారులు, నాటకాల వాళ్ళు, రచయితలు. అక్కడ గంటన్నర నడిచే సినిమా ఇక్కడి టీవీలో ముప్పావుగంటలో అయిపోవాలి. అంటే సగం మనిషిని ఉంచి సగం మనిషిని తీసెయ్యాలి. ఏ సగం తీసెయ్యాలో పైవాళ్ళు చెప్పేవారు. కోసే చెయ్యి మాత్రం పిన్నిగారిది.

అప్పట్లో ఫిల్మంటే చేత్తో పట్టుకునే ఫిల్మే. తెల్లటి నూలు గ్లవుజులు తొడుక్కుని, రీళ్ళు తిరిగే బల్ల ముందు కూర్చుని కోసి అతికించేవారట. తీసేసిన ముక్కలు నేలకి తగలకుండా గుడ్డసంచీ మీద వరసగా ఉన్న మేకులకు వేలాడదీసేవారట. "మనుషుల్ని ఆరేసినట్టుండేదే," అనేవారు పిన్నిగారు. "ఒక మేకుకి ఒకడి బాల్యం, ఇంకో మేకుకి వాడి పెళ్ళాం. సాయంత్రానికి అవన్నీ డబ్బాలో పెట్టి మూత వెయ్యడమే."

శనివారం మధ్యాహ్నాలు మేం కొంతమంది ఆడవాళ్ళం ఆవిడ ఇంట్లో పారాయణకి చేరేవాళ్ళం. హారతి అయి ప్రసాదం తిన్నాక ఆవిడ కాఫీ ఇచ్చి టీవీలో పాత రికార్డింగులు పెట్టేవారు. అలా చూసినవే ఆ జీవిత చరిత్రలు. కొన్ని ఆవిడ చేత్తో కోసినవి, కొన్ని తర్వాతి కాలానివి. మాలో సగంమందికి జర్మన్ రాదు. నాకు పదో తరగతి ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు అప్పటికి. ఆవిడ టీవీ గొంతు తగ్గించి, పక్కన నిలబడి మాకు తెలుగులో చెప్పేవారు. కూర్చోమంటే కూర్చునేవారు కాదు. రిమోట్ ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఒకసారి ఒక నల్లజాతి గాయని కథ పెట్టారు. ఆ గాయని ముసలితనంలో, ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని తన సంగతి చెబుతోంది. ఆవిడ నోరు తెరిచిందో లేదో మీద ఒక జర్మన్ మగ గొంతు వచ్చి పడింది. పిన్నిగారు బొమ్మ ఆపేశారు. "చూశారా? ఆవిడ పాడినంతసేపూ నోరు మూసుకుని విన్నాడు. మాట్లాడబోయేసరికి తను అందుకున్నాడు," అన్నారు. తర్వాత వెనక్కి తిప్పి, ఆ గొంతు కింద వినీవినపడని గాయని మాటల్ని చెవి ఒగ్గి విని, ఒక్కో వాక్యం మాకు చెప్పారు. పెద్ద పెద్ద హోటళ్ళలో పాడేదట ఆవిడ. లోపలికి మాత్రం వంటింటి దారిలో పోవాలట. ఆ మాట అంటున్నప్పుడు గాయని నవ్వుతోంది. పిన్నిగారు నవ్వలేదు. ఆ వేళ ఆవిడ మొహం చూసి మేం కాఫీ గ్లాసులు కూడా చప్పుడు కాకుండా పెట్టాం.

ఇంకో వారం ఒక నర్తకి. ఆట అయిపోయింది, హాలంతా చప్పట్లు. మా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్నిగారు రిమోట్ నొక్కి, "ఏడవకండి. ఈ జనం ఆ ఆట చూసినవాళ్ళు కాదు," అన్నారు. మాకు అర్థం కాలేదు. వెనక్కి తిప్పి చూపించారు. నాట్యం వేసవిలో జరిగింది, వాయించేవాళ్ళు చెమటలు తుడుచుకుంటున్నారు. చప్పట్లు కొట్టేవాళ్ళేమో ఉన్ని కోట్లు వేసుకున్నారు. పక్కన కూర్చున్న ఒకావిడ, "పిన్నిగారూ, మీతో సినిమా చూడటం బియ్యంలో రాళ్ళేరటమేనండీ. కమ్మగా ఏడవనివ్వరు కదా," అంది. "ఏడుద్దువుగానిలే, ఏడవాల్సిన చోట చెబుతాను," అన్నారు. నిజంగానే చెప్పేవారు. చాలాసార్లు అది ఏ సంగీతమూ లేని చోటు అయ్యేది. "వేణువో పియానోవో మొదలైందంటే అక్కడేదో దాచేశారన్నమాట. చెప్పింది వినండి. చూపించనిదేమిటో అడగండి," అనేవారు.

నేను ఆవిడతో ఒక్కసారే ఎదురు మాట్లాడాను. ఆ వేళ ఒక బూర వాయించేవాడి కథ. అందులో తాగుడు, వదిలేసిన పెళ్ళాలు, జైలు. నాకు మనసు ఒప్పలేదు. "పిన్నిగారూ, ఇప్పుడే దేవుడి పేరు చెప్పుకున్న నోటితో ఈ తాగుబోతు గొడవ మనకెందుకండీ?" అన్నాను. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"తాగాడు. కాదనను. కానీ రోజూ తెల్లారకముందే లేచి, చలిలో పెరట్లోకి పోయి సాధన చేశాడే. పెదవులు చిట్లి రక్తం వచ్చేదాకా. నువ్వు చన్నీళ్ళు పోసుకుని దీపం పెట్టినట్టే. ఆ ముక్క అసలు సినిమాలో ఉంది. వీళ్ళు కోసేశారు. సీసా చూపించడానికి చాలిన ఫిల్ము, సాధన చూపించడానికి చాల్లేదు వీళ్ళకి."

తర్వాతి వారం ఆ బూర విని కళ్ళు మూసుకున్నాను. చెబితే నవ్వుతారేమో, నాకది దేవుడి గదిలో విన్నట్టే అనిపించింది.

ఆవిడ నేర్పింది నాకు పనికొచ్చింది. మా కీటాకి చాలా ఏళ్ళయిందని ఒక పండగ చేసి, గోడ నిండా ఫోటోలు పెట్టారు. టీచర్లు, పిల్లలు, పాత మేనేజర్లు. రోజూ ఆ పిల్లల కడుపు నింపే వంటగది ఒక్క ఫోటోలోనూ లేదు. మామూలుగా అయితే నా కంటికి ఆనేది కాదు. ఆ రోజు ఆనింది. బడి నడిపే మేడం దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన జర్మన్‌లో, "వంటగది ఎక్కడ?" అని అడిగాను. ఆవిడ మొహం ఎర్రబడింది. మర్నాడే వచ్చి నన్నూ, నాతో పనిచేసే టర్కీ ఆవిడనీ గరిటెలతో సహా ఫోటో తీసింది. అది ఇప్పుడు గోడ మధ్యలో ఉంది. ఆ సంగతి చెబితే పిన్నిగారు నా వీపు తట్టి, "నా శిష్యురాలివి," అన్నారు. నా జీవితంలో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు.

ఇక కోపం సంగతి.

రెండేళ్ళ కిందట మా సంఘం వాళ్ళు, ఈ దేశానికి ముందుగా వచ్చిన పెద్దవాళ్ళకి సన్మానం చేస్తామన్నారు. ఒక్కొక్కరి మీద చిన్న డాక్యుమెంటరీ తీస్తామన్నారు. ఆ మాట వినగానే పిన్నిగారి మొహం వెలిగిపోయింది. జీవితమంతా ఊరూ పేరూ తెలియని దేశపు మనుషుల కథలు కోసి అతికించిన మనిషి. తన కథ అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఆకుపచ్చ అంచు చీర ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. సాయానికి నన్ను రమ్మన్నారు. కెమెరా పట్టుకుని సంఘం కార్యదర్శి వచ్చాడు. కరీంనగర్ అబ్బాయి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మర్యాద తెలిసినవాడే. లైట్లు దింపుకుని కుర్చీ వేశాడు.

"కిటికీ నా వెనక పెట్టావేం నాయనా? మొహం నల్లగా పడుతుంది. ఆ తెర కాస్త వెయ్యి," అన్నారు పిన్నిగారు.

"అమ్మమ్మా, మీ జమానా కెమెరా కాదిది. అదే అడ్జస్ట్ చేస్కుంటది. మీరు మంచిగ నవ్వుర్రి, చాలు."

"నవ్వు సంగతి నేను చూసుకుంటాలే. తెర వెయ్యి."

వేశాడు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. ఆవిడ గంటకి పైగా మాట్లాడారు. పనిలో చేరిన కొత్తలో ఒక తోటి ఉద్యోగి, నీ చేతులకి మసాలా వాసన వస్తోంది, ఫిల్ముకి అంటుకుంటుంది అన్నాడట. అప్పటినుంచి చాన్నాళ్ళు ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవుజులు వేసుకుని పనిచేశారట. వేళ్ళు మొద్దుబారి ఫిల్ము అంచు తెలిసేది కాదట. ఒక రోజు ఆ రెండు జతలూ తీసి ఆ మనిషి బల్ల మీద పెట్టి, ఒట్టి చేతుల్తో ఒక అతుకు వేసి, "వాసన చూడు," అన్నారట. అది చెబుతూ పిన్నిగారు కెమెరా వైపు రెండు చేతులూ చాపి చూపించారు.

ఇంకో సంగతి చెప్పారు. ఒక పేరున్న చిత్రకారుడి కథ కోస్తున్నప్పుడు, అతని భార్య మాటలన్నీ తీసెయ్యమన్నారట పైవాళ్ళు. ఆయన బొమ్మలు వేసిన గుడ్డలన్నీ చెక్కలకి బిగించింది తానేనని, ఇప్పటికీ తన గోళ్ళు సరిగ్గా పెరగవని ఆవిడ చెప్పిన మాట అందులో ఉందట. పిన్నిగారు ఆ మాట తీసినట్టే తీసి మళ్ళీ అతికించారట. దానికి సరిపడా పొడవు ఆ చిత్రకారుణ్ణి పొగిడే చోట తగ్గించేశారట. ఎవరూ కనిపెట్టలేదు. అది దేశమంతా టీవీలో వచ్చింది. "నా పేరు చివర్లో చీమంత అక్షరాల్లో వేశారు. అయినా ఆ రాత్రి రాణిలా పడుకున్నాను," అన్నారు.

ఆ కార్యదర్శి ఇవన్నీ విన్నాడు. తలూపుతూ విన్నాడు. తర్వాత సన్మానసభలో మూడు నిమిషాల వీడియో వేశాడు. అందులో పిన్నిగారు రెండే మాటలు అంటారు. మా వారు డాక్టరు, ఆయన వెంట ఈ దేశం వచ్చాను అన్నది ఒకటి. ఇంటికొచ్చిన వాళ్ళకి వండిపెట్టడం నాకిష్టం అన్నది రెండు. వెనక వేణువు. నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది. పిన్నిగారు కూడా కొట్టారు. ఇంటికొచ్చే ట్రామ్‌లో నేను, "అదేమిటండీ అలా చేశాడు?" అంటే, "కోతలు బాగా కోశాడే. అతుకు ఎక్కడా కనపడలేదు," అని కిటికీ వైపు తిరిగారు. ఆ తర్వాత ఆ వీడియో ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. నన్నూ ఎత్తనివ్వలేదు.

పిన్నిగారు పోయిన తర్వాత సంతాపసభ పెట్టారు. చర్చి వాళ్ళ హాలు అద్దెకి తీసుకున్నారు. సభకి ముందు కార్యదర్శి ఫోన్ చేసి, అక్కా, మీరు దగ్గరివారు, రెండు మాటలు చెప్పండి, రికార్డు చేసుకుంటాను అన్నాడు. నేను కెమెరా ముందు ఎన్నడూ మాట్లాడలేదు. అయినా మాట్లాడాను. ఆవిడ పని గురించి, శనివారాల గురించి, ఆ గాయని గురించి, ఆ గ్లవుజుల గురించి చెప్పాను. తడబడుతూ అయినా మొత్తం చెప్పాను. సభలో తెర మీద నేను కనిపించి, "ఆవిడ చేతి పులిహోర మర్చిపోలేం," అని మాయమైపోయాను. నేను అన్న మాటే. చివర్లో, లేస్తూ అన్నాను. ఆ వీడియోకి పెట్టిన పేరు "అందరి అన్నపూర్ణ". నా మాట తర్వాత పాత మూడు నిమిషాలే మళ్ళీ వేశారు. మళ్ళీ వేణువు.

అన్నం పెట్టడం చిన్న పనని నేను అనడం లేదు. నేను బతికేది ఆ పని మీదే. నా కోపం దాని మీద కాదు. ఒక మనిషి జీవితమంతా ఒక విద్య నేర్చి, పరాయి దేశంలో అవమానం మింగి, అందులో గెలిస్తే, ఆవిడ చనిపోగానే మనవాళ్ళు ఆ విద్యని తీసేసి గరిటె ఒక్కటే చేతిలో పెట్టారు. డాక్టరుగారితోనూ ఆ సన్మానానికే మాట్లాడించారు, తర్వాత ఆయన పోయినప్పుడు వేసిన వీడియోలో ఆయన ఆపరేషన్లన్నీ చెప్పారు. ఆయనకి ఏం కూర ఇష్టమో ఎవరూ చెప్పలేదు.

పిన్నిగారి అమ్మాయి ముందు వరసలో నా పక్కనే ఉంది. డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట పనిచేస్తుంది. తెలుగు సగమే అర్థమవుతుంది. సభ అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "అమ్మ వర్క్ గురించి ఏం చెప్పారు అక్కా?" అని అడిగింది.

"ఏమీ చెప్పలేదమ్మా."

"నాకూ చెప్పలేదు అమ్మ. నేను అడగలేదు. చిన్నప్పుడు నాకు బోరింగ్. తర్వాత నేను దూరం." నా చెయ్యి ఇంకా వదల్లేదు. "ఆ రోజు ఎక్కువ మాట్లాడింది అన్నావు కదా, కెమెరా ముందు. అది అంతా నాకు కావాలి. అమ్మ వాయిస్‌లో కావాలి."

అప్పుడు నా మనసు కాస్త కుదుటపడింది. వీడియో ఎలా పోతేనేం, ఆ గంట మాటలు ఉన్నాయి కదా అనుకున్నాను. ఆదివారం ఇద్దరం ట్రామ్ ఎక్కి ఊరి చివర కార్యదర్శి ఇంటికి వెళ్ళాం. టీ ఇచ్చాడు. అమ్మాయిని చూసి లేచి నిలబడ్డాడు. వచ్చిన పని చెప్పాను.

"అక్కా, ఆ ఫుటేజ్ ఇప్పుడు లేదు," అన్నాడు.

"లేదంటే?"

"హార్డ్ డిస్క్ ఫుల్లయింది. ఉగాది డ్యాన్సులు పెద్ద సైజుల తీసినం. పిల్లలయి. జాగ లేక పాతయన్ని డిలీట్ కొట్టిన. ఫైనల్ వీడియో ఉన్నది గద అక్కా, అదిస్త."

పిన్నిగారి అమ్మాయి నా వైపు తిరిగి, "ఏం అంటున్నాడు?" అంది. అతని యాస ఆమెకి అర్థం కాలేదు. నేను ఆమెకి చెప్పాలి. నా నోటితోనే చెప్పాలి. "తుడిచేశాడమ్మా," అన్నాను. ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టింది.

"అడగొచ్చు గదా నాయనా తుడిచే ముందు? ఆవిడ అప్పటికి బతికే ఉన్నారు. నేనున్నాను."

"గంట వీడియో ఎవలు జూస్తరక్కా? నిజం చెప్పుర్రి. మూడు నిమిషాలు దాటితే జనం ఫోన్లు తీస్తున్నరు."

"ఆవిడ కూతురు చూసేది. నేను చూసేదాన్ని."

అతనికి కోపం వచ్చింది. రావడం న్యాయమే, ఇంటికొచ్చి నిలదీశాం. "నేనేమన్న దొంగతనం చేసిన్నా అక్కా? శని, ఆదివారాలు నా పెండ్లాం పిల్లలను ఇడిసిపెట్టి చేస్తున్న. ఒక్కలన్న మంచిగ చేసినవని అన్నరా? మీరే ఫస్టు, తప్పు పట్టనీకి."

"నువ్వు చెడ్డవాడివి కాదు నాయనా. తెలియక చేశావు. అందుకే నాకు ఇంత కోపంగా ఉంది. కావాలని చేసి ఉంటే నిన్ను దేవుడికి వదిలేసేదాన్ని," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "డాక్టరుగారిది తుడిచావా?"

అతను కప్పులు తియ్యడం మొదలుపెట్టాడు. తుడవలేదన్నమాట. అమ్మాయికి అది నేను చెప్పకుండానే అర్థమైంది.

ఇది చదివే మీ అందరినీ అడుగుతున్నాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ వీడియోలు ఫోన్ల నిండా ఉన్నాయి. కేకు కోస్తున్నవి, చెయ్యి ఊపుతున్నవి, మనవల పేర్లు చెబుతున్నవి. వాళ్ళు చేసిన పని గురించి వాళ్ళ నోటితో చెప్పినది ఒక్కటైనా ఉందా? ముఖ్యంగా ఆడవాళ్ళది? ఉంటే దాన్ని ఏ పిల్లల డ్యాన్సు కోసం తుడవబోతున్నారు? అమెరికావాళ్ళు తమ కళాకారుల గురించి తీసిన సినిమాల్లో దాపరికాలు లేవని కాదు. పిన్నిగారే వాటిని వేలెత్తి చూపించేవారు. కానీ వాళ్ళు అడిగారు, తీశారు, దాచుకున్నారు. దాచుకున్నారు గనుకే ఎక్కడో సముద్రం ఇవతల మా పిన్నిగారు ఆ గాయని గొంతు వెతికి మాకు వినిపించగలిగారు. పిన్నిగారి గొంతు వెతకడానికి మనం ఏం మిగిల్చాం?

ఆ రోజు మేం లేవబోతుంటే కార్యదర్శి, "ఒక్క నిమిషం కూసోండి," అని లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చాడు. చాలాసేపు వెతికాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. పాత కెమెరా కార్డు ఒకటి ఎక్కడో డ్రాయర్‌లో దొరికితే అది పెట్టి చూశాడు. "చివరి ముక్క ఒకటి ఈ కార్డుల ఉండిపోయింది. కానీ మాటలు లేవు. షూటింగ్ అయిపోయినంక కెమెరా బంద్ చేసుడు మర్సిన. నేను లైట్లు సదురుకుంటున్న," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, జర్మన్‌లో, అమ్మాయికి నేరుగా క్షమాపణ చెప్పాడు. ఆమె తల ఊపింది. అవునని కాదు, కాదని కాదు. "చూపించు," అంది.

తెర మీద పిన్నిగారి హాలు. ఖాళీ కుర్చీ. పక్కనుంచి ఏదో స్టాండు మడుస్తున్న చప్పుడు. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న శబ్దం. ఆ గ్లాసులు కడుగుతున్నది నేనే. పిన్నిగారు వచ్చి కిటికీ తెర పక్కకి లాగారు. హాల్లో వెలుతురు పడింది. భుజం మీది పిన్ను తీసి, కొంగు వదులు చేసుకుని, కుర్చీలో కూర్చున్నారు. మోకాళ్ళు రాసుకున్నారు. తల ఎత్తి కెమెరా వైపు చూశారు. అది ఇంకా నడుస్తోందని ఆవిడకి తెలిసిపోయింది. ఎర్రదీపం వెలుగుతూ ఉండి ఉంటుంది. ఆ అబ్బాయిని పిలవలేదు. మొహం సర్దుకోలేదు. కొంగు సర్దుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నవ్వకుండా, నేరుగా అందులోకి చూస్తూ కూర్చున్నారు. పిన్నిగారి అమ్మాయి తెరకి దగ్గరగా వంగింది.

అలా చాలాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి మా వైపు నడిచి వచ్చారు. చీర అంచు, మెడ, తెల్లటి జుట్టు ఒక్కొక్కటే తెర దాటిపోయాయి. ఆవిడ కుడిచెయ్యి ముందుకు వచ్చి, పెద్దదై, తెరంతా నిండింది. వేళ్ళ సందుల్లోంచి కిటికీ వెలుతురు కొంచెం కనిపించింది. ఆవిడ తనే ఆపేశారు.